అమెరికన్లు, యూరప్ వాళ్ళు ఒకరి గురించి ఒకరు అనుకునేదాంట్లో నిజమెంత?

మీరు అడిగింది ఇది: "మా టీంలో డల్లాస్ వాళ్ళూ ఉన్నారు, మ్యూనిక్ వాళ్ళూ ఉన్నారు. అమెరికన్లకి ప్రపంచం తెలీదు, నోరు పెద్దది, నాలుగడుగులు నడవలేరు అని జర్మన్లు అంటారు. యూరప్ వాళ్ళకి మర్యాద తెలీదు, మొహాన నవ్వుండదు, చెయ్యి విదల్చరు అని అమెరికన్లు అంటారు. వచ్చే నెల హైదరాబాద్ నుంచి నేనూ, డల్లాస్ నుంచి వాళ్ళూ మ్యూనిక్ వెళ్ళి రెండు వారాలు ఉండాలి. రెండు చోట్లా బతికినవాళ్ళు చెప్పండి."

నేను జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో మాస్టర్స్ చదివేటప్పుడు రెండేళ్ళు ఒక చిన్న హోటల్ రిసెప్షన్‌లో పార్ట్‌టైం చేశాను. కోట కింద పాత ఊరు. వేసవి వస్తే అమెరికన్లు బస్సుల్లో దిగేవాళ్ళు. తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం, 2018 నుంచి డల్లాస్ దగ్గర. అక్కడున్నప్పుడు అమెరికన్ల మీద మాటలు విన్నాను, ఇక్కడికొచ్చాక యూరప్ వాళ్ళ మీద వింటున్నాను. కొన్నాళ్ళు నేను కూడా నమ్మాను. నమ్మకం ఎక్కడ సడలిందో ముందు చెప్తాను.

ఒక జూన్ సాయంత్రం డెబ్బై దాటిన భార్యాభర్తలు వచ్చారు. ఆయనకి మోకాలి ఆపరేషనై ఏడాది కాలేదు. ఫస్ట్ ఫ్లోర్‌లో గది కావాలని నెల ముందే మెయిల్ పెట్టారు, మేం ఫస్ట్ ఫ్లోర్‌లోనే ఇచ్చాం. మా హోటల్‌కి లిఫ్ట్ లేదు. తాళంచెవి చేతికిచ్చి మెట్లవైపు చూపించగానే ఆవిడ మొహం మాడిపోయింది. "మేం ఫస్ట్ ఫ్లోర్ అడిగాం కదా" అంది. "ఇది ఫస్ట్ ఫ్లోరేనండీ" అన్నాను. ఆవిడ మళ్ళీ అడిగింది, నేను మళ్ళీ అదే చెప్పాను. చివరికి ఆయనే "పోనీలే" అని, కర్ర ఆవిడకిచ్చి, రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. ప్రతి మెట్టు మీదా ముందు మంచి కాలు, తర్వాత రెండోది. మధ్యలో ఆగి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. నేను సూట్‌కేసులు పట్టుకుని వెనకాలే నిలబడ్డాను. కిందికొచ్చాక మా మేనేజర్ "అమెరికన్లు అంతే, ఒక్క అంతస్తు ఎక్కలేరు" అంది. అంతకు ముందే పైన ఆవిడ "వీళ్ళకి ఎంత ముందు చెప్పుకున్నా లెక్కలేదు" అని భర్తతో అనడం తలుపు మూసేలోపు విన్నాను.

మర్నాడు టిఫిన్ దగ్గర ఆవిడతో మాట్లాడుతుంటే విషయం తేలింది. అమెరికాలో నేల మీదున్న అంతస్తే ఫస్ట్ ఫ్లోర్. జర్మనీలో మనలాగే కింద గ్రౌండ్ ఫ్లోర్, దాని పైది ఫస్ట్. నేను మన పద్ధతిలో పెరిగాను కాబట్టి నాకు అనుమానం కూడా రాలేదు. టిఫిన్ హాలు పక్కన కింది గది ఆరోజే ఖాళీ అయింది, సామాను నేనే దింపాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని "రాత్రంతా నిన్ను తిట్టుకున్నానమ్మా" అంది. ఆ ఒక్క మాట ముందు రోజు మేం ముగ్గురం అడిగుంటే ఆయన ఆ మెట్లు ఎక్కేవాడు కాదు. నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

అప్పట్నుంచీ ఎవరైనా "వాళ్ళంతే" అంటే, వాళ్ళూరి చట్టంలోనో జీతంలోనో దూరంలోనో దానికి కారణం ఉందేమో చూడటం అలవాటైంది. చాలాసార్లు దొరికింది కూడా.

రెస్టారెంట్ సంగతే తీసుకోండి, ఎక్కువ గొడవ అక్కడే. జర్మనీలో మీరు అడిగేదాకా బిల్లు తేరు. కూర్చున్న బల్ల ఆ సాయంత్రానికి మీది, అడక్కుండా బిల్లు తెస్తే లేచి వెళ్ళమన్నట్టు. డల్లాస్‌లో అడక్కుండానే బిల్లు తెచ్చి పెట్టి, నిదానంగా ఇవ్వమని చెప్పి వెళ్తారు, వాళ్ళ లెక్కలో మిమ్మల్ని ఎదురుచూడనివ్వకపోవడమే మర్యాద. ఇప్పుడు వీళ్ళని అటూ ఇటూ మార్చి కూర్చోబెట్టండి. అమెరికన్ అరగంట బిల్లు కోసం చూసి "మనల్ని పట్టించుకునే దిక్కు లేదు" అనుకుంటాడు. జర్మన్ తింటుండగానే బిల్లు చూసి "తరిమేస్తున్నారు" అనుకుంటాడు. ఇద్దరి వెయిటర్లూ మర్యాదే చేశారు.

టిప్పు దగ్గర ఇంకా లోతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ ఆఫీసు నుంచి ఒకాయన రెండు వారాలకి ఇక్కడికొచ్చాడు, చాలా మంచి మనిషి. మొదటి రోజు ఇద్దరం భోంచేస్తే 58 డాలర్లయింది. తన వంతని తనే కట్టి, జర్మనీలో చేసినట్టు 60 చేసి లేచాడు. మేం తలుపు దాటకముందే ఆ అమ్మాయి వెనకాలే వచ్చి "వడ్డించడంలో ఏమైనా తప్పు జరిగిందా?" అని అడిగింది. కోపం లేదు, కళ్ళలో భయం ఉంది. ఆయన ఎర్రబడిపోయాడు. నేను పక్కకి తీసుకెళ్ళి చెప్పాను: టిప్పులు వచ్చే ఉద్యోగాలకి యజమాని గంటకి కట్టాల్సిన కనీస జీతం కేంద్ర చట్టం ప్రకారం 2.13 డాలర్లు. 1991 నుంచి ఆ అంకె మారలేదు, టెక్సాస్‌లో కూడా అదే. టిప్పులతో కలిపినా మామూలు కనీస జీతం 7.25 రాకపోతేనే మిగతాది యజమాని వెయ్యాలి. అంటే ఆ పిల్ల ఇంటద్దె దాదాపుగా మన బల్లల మీదే ఉంది. జర్మనీలో 2015లో కనీస జీతం చట్టం వచ్చినప్పుడు వెయిటర్లకి వేరే తక్కువ రేటు పెట్టలేదు. అందుకే అక్కడ టిప్పు సంతోషానికి ఇచ్చేది, ఇక్కడ కూలిలో భాగం. ఆయన వెనక్కి వెళ్ళి ఇంకో పది పెట్టొచ్చాడు. మీ అమెరికన్లు పిసినారితనం అనేది ఇదే, మీ జర్మన్లు అమెరికన్ టిప్పుని డబ్బు చూపించుకోవడం అనేదీ ఇదే.

ఆయనే ఇంకో రోజు హోటల్ నుంచి ఆఫీసుకి నడిచొస్తానన్నాడు. ఒకటిన్నర కిలోమీటరు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రోజూ అంతకంటే ఎక్కువ నడుస్తాడు. కొంతదూరం ఫుట్‌పాత్ ఉంది, తర్వాత ఉన్నట్టుండి గడ్డిలో కలిసిపోయింది. ఆరు లేన్ల రోడ్డు, దాటడానికి సిగ్నల్ కనుచూపు మేరలో లేదు. ఒక పికప్ ట్రక్కు పక్కకి ఆగి "బండి చెడిపోయిందా, ఎక్కించుకోనా?" అని అడిగారట. ఆఫీసుకొచ్చి చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉండగానే "వీళ్ళు నడవరు కాదు, వీళ్ళకి నడిచే దారే లేదు" అన్నాడు.

ప్రపంచం తెలీదన్న మాటకొస్తే, దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. అది అన్యాయం. డల్లాస్ నుంచి కారులో పడమటికి వెయ్యి కిలోమీటర్లు పోతే ఎల్ పాసో వస్తుంది, అప్పటికీ టెక్సాస్ దాటలేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రైలెక్కితే నాలుగు గంటల్లో పారిస్‌లో దిగి, భాష మారిన చోట కాఫీ తాగొచ్చు. శ్రీకాకుళం నుంచి కాశ్మీర్ దాకా తిరిగొచ్చినవాడికి పాస్‌పోర్టు లేదని ప్రపంచం చూడలేదంటామా? పైగా అమెరికన్లకి కెనడా, మెక్సికో వెళ్ళి రావడానికి చాలాకాలం పాస్‌పోర్టే అక్కర్లేదు. విమానంలో తిరిగి రావడానికి 2007 నుంచి, రోడ్డు మీదుగా 2009 నుంచి అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడు దాదాపు సగం మందికి ఉంది.

పన్నెండు రోజుల్లో ఏడు దేశాలు తిరిగేవాళ్ళని చూసి హోటల్లో మేమూ నవ్వుకునేవాళ్ళం. డల్లాస్‌లో ఉద్యోగంలో చేరాక ఆ నవ్వు పోయింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో నాకు ఏడాదికి 30 రోజుల సెలవు. యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం ఎవరికైనా నాలుగు వారాల జీతంతో కూడిన సెలవు తగ్గకూడదు. డల్లాస్‌లో మొదటి ఏడాది నాకిచ్చింది పది రోజులు. ప్రైవేటు ఉద్యోగికి ఒక్క రోజైనా జీతంతో సెలవివ్వాలని చెప్పే కేంద్ర చట్టం అమెరికాలో లేదు. ఆ పది రోజుల్లోంచి కూడబెట్టుకుని, సముద్రం దాటొచ్చినవాళ్ళు రోమ్‌నీ పారిస్‌నీ ఒకే ట్రిప్పులో చూసుకోక ఏం చేస్తారు? మళ్ళీ ఎప్పుడొస్తారో వాళ్ళకే తెలీదు. ఊరికి ఒక పూట చాలా అని వాళ్ళని చిన్నబుచ్చినందుకు నాకు సిగ్గుగా ఉంది.

నోరు పెద్దదన్నది మాత్రం కొంత నిజమే. జర్మన్ రైళ్ళలో మాట్లాడకూడని పెట్టెలు వేరే ఉంటాయి, వాటిలో పెద్ద గొంతులు వినిపిస్తే ఎక్కువగా అమెరికన్లవే, లేదా మనవాళ్ళవే. మెల్లగా చెప్తే వెంటనే తగ్గిస్తారు. చెప్పకుండా గుర్రుగా చూస్తే ఎవరికి తెలుస్తుంది?

నవ్వు సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యం. అమెరికన్ నవ్వు పైపైదని యూరప్‌లో అందరూ అంటారు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా మంచు పడి చాలా చోట్ల కరెంటు పోయింది. మా ఇంట్లో రెండో రోజుకి నీళ్ళు కూడా ఆగిపోయాయి, పాపకి అప్పుడు ఎనిమిది నెలలు. ఎదురింటావిడతో అప్పటిదాకా నాకున్న పరిచయం చెత్తబుట్ట బయట పెట్టేటప్పుడు "ఎలా ఉన్నారు?" అనుకోవడమే. ఆవిడ మంచులో నడిచొచ్చి తలుపు కొట్టి, వాళ్ళింట్లో గ్యాస్ పొయ్యి వెలుగుతోందనీ పాపని తీసుకుని వచ్చెయ్యమనీ చెప్పింది. మూడు రాత్రులు వాళ్ళ హాల్లో పడుకున్నాం. అన్నం కోసం బియ్యం నేనే పట్టుకెళ్ళాను. ఆవిడ మొదటిసారి పెరుగన్నం తిని, రెండోసారి అడిగి పెట్టించుకుంది.

ఇక జర్మన్ మొహం. మా యూనివర్సిటీలో ఒక సీనియర్ నా థీసిస్ మొదటి పేజీ చదివి "ఇది బాగాలేదు" అన్నాడు. హలో లేదు, నవ్వు లేదు. ఇంటికెళ్ళి ఏడ్చాను. మర్నాడు అతనే ఎర్ర పెన్నుతో దిద్దిన నలభై పేజీలు తెచ్చిచ్చాడు, రాత్రంతా కూర్చుని చేశాడు. బాగాలేనిది బాగుందని చెప్తే నన్ను తక్కువ చేసినట్టని అతని ఉద్దేశం. జర్మన్‌ని "ఎలా ఉన్నారు?" అని అడిగితే నిజంగానే ఎలా ఉన్నాడో చెప్తాడు, వినే తీరిక ఉంటేనే అడగండి.

యూరప్ అంతా ఒకటి కాదన్నది కూడా గుర్తుంచుకోండి. నేను చెప్పింది ముఖ్యంగా జర్మనీ గురించి. ఇటలీలోని నేపుల్స్‌లో వెయిటర్ మీ కుటుంబ చరిత్ర మొత్తం అడుగుతాడు.

మ్యూనిక్‌కి మీ డల్లాస్ వాళ్ళు బయల్దేరేముందు కొన్ని చెప్పండి. హోటల్లో మెట్లు వద్దనుకుంటే 'గ్రౌండ్ ఫ్లోర్' అనే రాయాలి. తేదీలో రోజు ముందు, నెల తర్వాత: 03.07 అంటే జులై మూడు. మార్చి ఏడు అనుకుని గది బుక్ చేసుకుని వచ్చినవాళ్ళని నేను చూశాను. హోటల్‌లో ఏసీ ఉందో లేదో ముందే అడగాలి, చాలా చోట్ల ఉండదు. మంచినీళ్ళు అడిగితే సీసా తెస్తారు, డబ్బు పడుతుంది, గ్యాస్ లేనిది కావాలని చెప్పకపోతే సోడా వస్తుంది. చిల్లర జేబులో ఉండాలి, స్టేషన్లలో బాత్రూంకి కూడా అవసరమవుతుంది. ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు. ఆదివారం విశ్రాంతి అక్కడ రాజ్యాంగంలోనే ఉంది, 1919 నాటి వాక్యాన్ని 1949లో అలాగే ఉంచారు. మీరు శనివారం దిగుతున్నట్టయితే సాయంత్రమే పాలు, బ్రెడ్డు, పెరుగు కొనిపెట్టుకోండి.