ప్యానెల్ లైన్ వేశాక గండమ్ మోకాలు పగిలితే

గండమ్ (జపాన్ రోబో బొమ్మ) కిట్‌కు ప్యానెల్ లైన్, అంటే పలకల మధ్య గాడుల్లో ముదురు రంగు, వేశాక మోకాలు పగిలిందని, కిట్ నకిలీదేమోనని మీరు అడిగారు. మోకాలు పగిలినంత మాత్రాన కిట్ నకిలీదని కాదు. కారణం ఆ గాడుల్లో వేసే ఎనామెల్ లైనర్‌లోని థిన్నర్ (రంగును పలచన చేసే ద్రావకం). బిగించిన కీలులోకి దిగితే ఒత్తిడిలో ఉన్న ప్లాస్టిక్ చిట్లుతుంది. మీ ఫొటోలో పిన్ చుట్టూ ఉన్న వెంట్రుకవాసి గీతలు అవే. అసలు తయారీదారు బాండాయ్ ఒరిజినల్ కిట్లకూ ఇలా జరుగుతుంది.

1. కాలు విప్పి, ముక్కల్ని ఒక రోజు ఆరనివ్వండి.

2. పగులుకు సన్నటి కుంచెతో ప్లాస్టిక్ సిమెంట్ (ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే జిగురు) తాకించండి. లోపలి ఫ్రేము ఏబీఎస్ (ఒక రకం ప్లాస్టిక్) అయితే దానికి పనికొచ్చే రకమే కొనండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: ఇకపై లైనర్‌కు ముందే ముక్కలు విడదీసి, గ్లాసీ క్లియర్ కోటు కొట్టి, పూర్తిగా ఆరనివ్వాలి. అప్పుడు థిన్నర్ ప్లాస్టిక్‌ను నేరుగా తాకదు. మన నెల్లూరులో ముసురు పట్టిన రోజు మాత్రం స్ప్రే చేయొద్దు, కోటు తెల్లబారుతుంది.

4. ఎక్కువైన లైనర్ తుడవడానికి ట్రంక్ రోడ్డు హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ రంగులకు వాడే) థిన్నర్ వద్దు, ప్లాస్టిక్కే కరుగుతుంది.