కాలేజీ టెన్నిస్ ఆడాలనుకుంటున్న మా తమ్ముడి కూతురికి

కాకినాడ

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

తొమ్మిదో తరగతి పరీక్షలు ముగిశాయనీ, ఇంటర్ తరువాత అమెరికాలో ఏదైనా విశ్వవిద్యాలయ జట్టుకు టెన్నిస్ ఆడుతూ చదువుకోవాలని ఉందనీ నీవు వ్రాసిన ఉత్తరం అందింది. చాలాకాలం కళాశాలలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసినవాణ్ణి కనుక నీ కోరికను తేలిగ్గా తీసుకోలేను. మన ఆంధ్ర కుర్రవాడైన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయానికి ఆడాడు. ఆ తరువాత 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా విశ్వవిద్యాలయం తరఫున 2007, 2008లలో వరుసగా అక్కడి కళాశాలల సింగిల్స్ విజేత అయ్యాడు. కనుక దారి ఉంది. భీమవరం నుంచి ఆ దారి పట్టే పిల్లకు ఎక్కడ లోటు పడుతుందో చెప్పడానికే ఈ ఉత్తరం.

నీకు సాధన తక్కువ కాదు, మ్యాచ్‌లు తక్కువ. రోజూ సాయంత్రం క్లబ్బులో మార్కర్‌తో, అంటే సభ్యులకు సాధన చేయించే ఉద్యోగితో, రెండు గంటలు ఆడుతున్నావు. కానీ నీకు అందేచోట బంతి వేయడం అతని పని. నీకు అందకుండా వేయడమే పనిగా పెట్టుకున్న అమ్మాయి మన ఊళ్ళో లేదు. జిల్లా పోటీల్లో 6-0, 6-1 తేడాతో గెలిచినప్పుడు ఇంట్లో అందరం సంతోషించాం, నేనూ సంతోషించాను, కానీ ఆ గెలుపును అమెరికా విశ్వవిద్యాలయ కోచ్ పెద్దగా పట్టించుకోడు. అతను మొదట చూసేది యూటీఆర్, అంటే యూనివర్సల్ టెన్నిస్ రేటింగు, ఆటగాళ్ళ స్థాయిని చెప్పే అంకె. అందులో ఎదుటి క్రీడాకారిణి స్థాయి ఎంత, ఆమెపై నీవు ఎన్ని గేములు గెలిచావు అన్నదే లెక్క. గడచిన పన్నెండు నెలల్లో ఆడిన చివరి ముప్పై మ్యాచ్‌ల వరకు పరిగణిస్తారు. నీకంటే బాగా పైనున్న అమ్మాయి చేతిలో 6-4, 6-4తో ఓడినా రేటింగు పెరగవచ్చు, బలహీనురాలిపై అజాగ్రత్తగా నాలుగు గేములు వదిలి గెలిచినా తగ్గవచ్చు. అందుకే 0-5తో వెనుకబడి ఉన్నప్పుడు కూడా ఆ ఆరో గేము కోసం ప్రాణం పెట్టి ఆడాలమ్మా. ఓడిపోతున్నామని తెలిసిన సెట్టును వదిలేసే అలవాటు నీలో ఉంది, నేను కళ్ళారా చూశాను.

ఈ ఏడాది ట్రోఫీల సంఖ్య చూసుకోకు, గట్టి మ్యాచ్‌ల సంఖ్య చూసుకో. అఖిల భారత టెన్నిస్ సంఘం పోటీల్లో టాలెంట్ సిరీస్ దగ్గరే ఆగిపోకుండా ఛాంపియన్‌షిప్ సిరీస్, సూపర్ సిరీస్ వైపు వెళ్ళు. ఫలితాలు యూటీఆర్‌లో నమోదవుతాయో లేదో పేరు ఇచ్చే ముందే కనుక్కో. విజయవాడ, విశాఖ, హైదరాబాద్ సరే; సాయంత్రం సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చెన్నై కూడా దూరం కాదు. ఖర్చు విషయం నాన్నతో దాచకుండా మాట్లాడు. చెరువు పట్టుబడి అయ్యాక చేతిలో ఎంత మిగులుతుందో ఆయనకే తెలుసు, దాన్నిబట్టి ఏయే పోటీలకు వెళ్ళాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి.

చదువు సంగతి ఇంతకంటే ముఖ్యం. అక్కడి కళాశాల క్రీడల్లో పై శ్రేణి అయిన డివిజన్ వన్‌లో ఆడాలంటే, ఆ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంఘం నిబంధనల ప్రకారం తొమ్మిదో తరగతి నుంచి పన్నెండు వరకు 16 ప్రధాన సబ్జెక్టులు పూర్తిచేయాలి, వాటిలో సగటు నాలుగుకు కనీసం 2.3 ఉండాలి. అంటే మొన్న నీవు వ్రాసిన పరీక్షలూ లెక్కలోకి వచ్చేశాయి. డివిజన్ త్రీలో ఆటకు స్కాలర్‌షిప్పు ఉండదు, అక్కడ ఆర్థిక సహాయం దొరికేది చదువును బట్టీ కుటుంబ పరిస్థితిని బట్టీ. ఇంటర్‌కు హాస్టల్ ఉన్న కాలేజీలో చేర్పించాలని అమ్మ అనుకుంటోందట. ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. నా దగ్గర ఆడిన ఒక అబ్బాయి తండ్రి ఇదే అడిగినప్పుడు, రెండేళ్ళు ఆట ఆపినా తరువాత అందుకోవచ్చని నేనే చెప్పాను. ఆ అబ్బాయికి మార్కులు బాగానే వచ్చాయి. రాకెట్ మాత్రం మళ్ళీ చేతికి అలవాటు కాలేదు, చూపించుకోవడానికి ఆ రెండేళ్ళలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. ఆ మాట అన్నందుకు నేటికీ బాధపడుతున్నాను. మధ్యాహ్నం నాలుగు గంటలకు వదిలే కాలేజీ ఏదో వెతకమని అమ్మకు నా మాటగా చెప్పు, అవసరమైతే నేనే వచ్చి మాట్లాడతాను.

డబుల్స్‌ను చిన్నచూపు చూస్తున్నావు. అక్కడి జట్ల పోటీలో మొత్తం ఏడు పాయింట్లు: మూడు డబుల్స్ మ్యాచ్‌లలో రెండు గెలిచిన జట్టుకు ఒకటి, ఆరు సింగిల్స్‌కు ఒక్కొక్కటి. నాలుగు వచ్చినవారిదే గెలుపు. కనుక బంతి నేలను తాకకముందే కొట్టే వాలీ, సెకండ్ సర్వీసు రిటర్న్ తెలిసిన అమ్మాయి ఏ కోచ్‌కైనా కావాలి. తెల్లవారుజామున క్లబ్బులో డబుల్స్ ఆడే పెద్దవారిని వయసు మళ్ళినవారని తప్పించుకోకు. పరుగెత్తకుండా పాయింటు ఎలా గెలవాలో, ఎదుటివారి తలమీదుగా ఎత్తుగా లాబ్ ఎప్పుడు వేయాలో వారికి తెలిసినంతగా మీ తోటివారికి తెలియదు. వారంలో రెండు రోజులు వారితో ఆడు.

కోచ్‌లకు ఉత్తరం నీవే వ్రాయి, నాన్న చేత వ్రాయించకు. రేటింగు, మార్కులు, ఏ సంవత్సరంలో ఇంటర్ పూర్తవుతుందో, ఆ విశ్వవిద్యాలయమే ఎందుకో నాలుగైదు వాక్యాల్లో చెప్పి, కత్తిరింపులు లేని మ్యాచ్ వీడియో జతచెయ్యి. మంచి షాట్లు మాత్రమే ఏరి కూర్చిన వీడియో చూసి ఏ కోచ్ నిర్ణయం తీసుకోడు, తప్పు కొట్టాక తరువాతి పాయింటుకు ఎలా నిలబడతావో చూస్తాడు. పదో తరగతి ముగిసిన ఏడాది జూన్ 15కు ముందు డివిజన్ వన్ కోచ్‌లు ఆటగాళ్ళ చేర్పు గురించి జవాబు ఇవ్వకూడదు, అందుచేత ఇప్పుడు మౌనం ఎదురైతే నిరాశపడవద్దు. సీటు, స్కాలర్‌షిప్పు ఖాయమని చెప్పి ముందుగా పెద్ద మొత్తం అడిగే మధ్యవర్తులకు నన్ను అడగకుండా ఒక్క రూపాయి ఇవ్వవద్దని నాన్నకు చెప్పు.

మే నెలలో భీమవరం వస్తాను. అప్పటికి గత ఏడాది ఆడిన ప్రతి మ్యాచ్ స్కోరునూ, ఓడినవాటితో సహా, ఒక నోటుబుక్కులో వ్రాసి ఉంచు. తీగలు వదులైన ఆ పాత రాకెట్‌ను ఈలోగా కొత్త తీగలు బిగించడానికి ఇచ్చి తెప్పించుకో.

ఇట్లు,
పెదనాన్న