అద్దం ముందు నుంచి ఆమెను లేపు

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ అందింది. మధ్యాహ్నం భోజనం చేసి చదవబోతే నిద్రొచ్చింది. తప్పు నీదో, ముద్దపప్పుదో తేల్చుకుందామని సాయంత్రం కాఫీ తాగి మళ్ళీ చదివాను. కొంత నీదే.

యాభై దాటిన హీరోయిన్ అద్దం ముందు కూర్చుని ముడతలు చూసుకుంటుంది. గోడ మీద పాత సినిమా పోస్టరు. కంట్లో నీళ్ళు. కొత్త హీరోయిన్ బొమ్మ వేసిన పత్రిక తీసి విసిరికొడుతుంది. పన్నెండు పేజీలైనా ఆమె ఆ కుర్చీలోంచి లేవదు. ముప్పై ఏళ్ళు కష్టపడి బతికిన మనిషికి ఏడవడం తప్ప ఇంకేమీ రాదా అనిపించింది నాకు.

'ఆల్ అబౌట్ ఈవ్' చూశావా? 1950లో వచ్చిన అమెరికన్ సినిమా. జోసెఫ్ మాంకివిజ్ తనే రాసి తీశాడు. 14 ఆస్కార్ నామినేషన్లు, 6 అవార్డులు వచ్చాయి. అవార్డుల కోసం చూడమనడం లేదు, నీ కథలో లేనిది అందులో ఉంది కాబట్టి చూడు.

మార్గో న్యూయార్క్ నాటకాల్లో మహానటి. బెట్టీ డేవిస్ వేసింది. మార్గోకి 40 ఏళ్ళు. ఆమె ప్రేమించిన దర్శకుడికి 32. ఆమె వేసే పాత్రలకి అంతకన్నా తక్కువ. థియేటర్ వెనక గుమ్మం దగ్గర రోజూ నిలబడే ఈవ్ అనే అమ్మాయిని జాలిపడి లోపలికి రానిస్తారు. అప్పుడు మార్గో కూడా అద్దం ముందే ఉంటుంది, కానీ ముఖానికి కోల్డ్ క్రీమ్ రాసుకుని మేకప్ తుడుచుకుంటూ. అంటే పని ముగించుకుంటూ. నీ హీరోయిన్‌కీ ఆమెకీ తేడా అదే.

ఇక ఈవ్. ఆ పిల్ల చెడ్డపని ఏదీ చేస్తున్నట్టు కనబడదు, సేవ చేస్తుంది. ఉత్తరాలు చూస్తుంది, బట్టలు సర్దుతుంది. ఒకరోజు అర్ధరాత్రి దాటాక మార్గో ఫోన్ మోగుతుంది. మీరు బుక్ చేసిన కాల్ కలిపాం, మాట్లాడండి అంటుంది ఆపరేటరు. నిద్రమత్తులో ఉన్న మార్గోకి ఏ కాలో తెలియదు. అవతల ఊళ్ళో ప్రియుడు. ఆ రోజు అతని పుట్టినరోజు. మార్గో మరిచిపోయింది. ఈవ్ గుర్తుపెట్టుకుని, ఆమె పేరు మీదే కాల్ బుక్ చేసింది. మాటల్లో ఎంత తేనె ఉన్నా మార్గోకి ఆ రాత్రి మళ్ళీ నిద్ర పట్టి ఉంటుందా? తన ఇంట్లో ఇంకెవరో తన బతుకు బతుకుతున్నారని తెలిసిపోయింది. ముడతల మాట ఎక్కడైనా వచ్చిందా ఇక్కడ? ఒక ఫోన్ కాల్, ఒక పుట్టినరోజు, అంతే.

ఇంకో చోట మార్గో ఆలస్యంగా థియేటర్‌కి వస్తుంది. తనకి తెలియకుండానే ఈవ్‌ని తనకు ప్రత్యామ్నాయ నటిగా పెట్టారనీ, ఇందాక తన భాగం ఆ పిల్లే చదివేసిందనీ, అద్భుతంగా చదివిందనీ బయటే ఒకడు చెబుతాడు. తెలిశాక కూడా ఏమీ తెలియనట్టు నవ్వుతూ లోపలికి వెళుతుంది చూడూ, అక్కడ ఆపి మళ్ళీ చూడు. కాసేపటికి అరుపులు ఎలాగూ వస్తాయి. అరుపులు ఎవరైనా రాస్తారు.

అన్నట్టు, ఈ సినిమాలో అద్దాన్ని నిజంగా వాడేది చిన్నవాళ్ళే. మార్గో గౌను ఒంటికి ఆనించుకుని, లేని జనానికి వంగి నమస్కారాలు పెడుతుంది ఈవ్. చివర్లో ఈవ్‌కి వచ్చిన అవార్డు చేత్తో పట్టుకుని మూడు పలకల అద్దం ముందు నిలబడేది ఆమె కన్నా చిన్నపిల్ల. ఆకలి ఉన్నవాళ్ళకి అద్దం కావాలి. నీ కథలో దాన్ని ఎవరికి ఇవ్వాలో ఆలోచించు.

నీ కొత్త హీరోయిన్‌కి ఒళ్ళంతా పొగరే తప్ప వేరే ఏమీ లేదు. ఆ పిల్ల నలభై ఏళ్ళకి ఎలా ఉంటుందో నీకు తెలియాలి. ఈవ్‌గా వేసిన ఆన్ బాక్స్‌టర్, ఇదే కథని 'అప్లాజ్' పేరుతో బ్రాడ్‌వే మీద సంగీత నాటకం చేసినప్పుడు, 1971లో మార్గోగా వేసింది. అది ఎవరూ కల్పించిన మలుపు కాదు.

మరో సంగతి, ఇది కథకి కాదు, నీకు. ఈ సినిమాకి మూలం 1946లో ఒక పత్రికలో వచ్చిన చిన్న కథ. రాసినామె మేరీ ఆర్ (Mary Orr). సినిమాలో ఆమె పేరు వెయ్యలేదు. రేపు ఎవరైనా నీ కథ సినిమాకి అడిగితే సంబరంలో సంతకం పెట్టేయకు, కాగితం చదువు.

నా వయసులో ఉన్నప్పుడు సంగతి చెప్పి ముగిస్తాను. అంటే నీ వయసులో ఉన్నప్పుడు అనాలి, చూశావా. ఒక పరిషత్తు నాటకాల పోటీకి మా ట్రూపుతో వెళ్ళాను. హైస్కూల్లో ఏడో తరగతి గదే గ్రీన్‌రూమ్. మా ట్రూపులో ఒకావిడ ఇరవై ఏళ్ళ కిందట అదే నాటకంలో హీరోయిన్, ఇప్పుడు అత్త. కొత్తమ్మాయి కీలకమైన సీన్లో డైలాగు మరిచిపోయి నిలబడిపోయింది. అత్త పమిట సర్దుకుంటున్నట్టు జనానికి వీపు తిప్పి, మాట అందించింది. సీను నిలబడింది. అందరం మెచ్చుకున్నాం. తిరుగు ప్రయాణంలో బస్సులో నా పక్కన కూర్చుని, చీకట్లో నెమ్మదిగా అంది: "నాకు వెంటనే గుర్తొచ్చిందే. చెప్పడానికి కొంచెం ఆగాను. నువ్వు చూశావా?"

చూడలేదన్నాను. చూశాను.

ఆవిడ ఆగిన ఆ కాసేపు నేను ఇన్నేళ్ళలో రాయలేకపోయాను. నీ కథలో దానికి చోటుంది, తీసుకో. మళ్ళీ రాసి పంపేటప్పుడు కాగితానికి ఒకవైపే రాయి, మార్జిన్ బాగా వదులు. నా కళ్ళద్దాలు మార్చి రెండేళ్ళయింది.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ