కూర్చున్న చోటే నాట్యం: మంగోలియా జానపద నృత్యాలపై మీ ప్రశ్నలు

ప్రశ్న: మంగోలియన్ నృత్యం అని వెతికితే ఒక వీడియోలో పెద్దావిడ ఉన్నచోటి నుంచి కదలకుండా భుజాలు ఆడిస్తోంది. ఇంకోదాంట్లో పాతికమంది స్టేజీ అంతా గుర్రాల్లా దూకుతున్నారు. ఏది అసలుది?

జవాబు: మొదటిదే పాతది. పేరు బియెల్గీ. పడమటి మంగోలియాలోని ఖోవ్ద్, ఉవ్స్ ప్రాంతాలు దానికి పుట్టిల్లు. అది అలా ఎందుకుందో తెలియాలంటే గెర్ లోపలికి చూడాలి. ఆ గుండ్రటి గుడారానికి నడిమధ్య పొయ్యి, గోడ వారగా మంచాలూ పెట్టెలూ, మిగిలిన చోటంతా అతిథులు. ఆడేవాళ్ళకు దక్కేది కాళ్ళు మడుచుకునేంత జాగా. అందుకే బాసింపట్టు వేసుకుని గానీ, సగం కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి గానీ ఆడతారు. అడుగులు వేసే వీల్లేదు కాబట్టి భారమంతా చేతుల మీద, భుజాల మీద పడింది. ఆవు పాలు పితకడం, వంట, వేట, గుర్రం నడక అన్నీ నడుం పైభాగంతోనే చూపించాలి. తోడుగా ఇకెల్ అనే రెండు తీగల వాయిద్యాన్ని కమానుతో వాయిస్తారు, లేదా తొవ్‌షూర్ మీటుతారు.

మీరు చూసిన రెండోది ఇరవయ్యో శతాబ్దంలో వృత్తి కళాకారుల బృందాలు పెద్ద వేదికల కోసం కూర్చింది. నకిలీ అనక్కర్లేదు, చూడ్డానికి బాగుంటుంది కూడా. కానీ దాన్ని చూసి బియెల్గీ ఇంతే అనుకుంటే మాత్రం పొరపాటే.

ప్రశ్న: మోకాళ్ళ మీద కప్పులు పెట్టుకుని ఆడతారట. ఒలకదా? నేర్చుకునేవాళ్ళు ఎక్కడ తప్పుతారు?

జవాబు: అది బయద్ తెగవారి పద్ధతి. మోకాళ్ళు బయటికి తెరిచి వంచి, వాటి మీద ఐరగ్, అంటే పులియబెట్టిన గుర్రపు పాలు, నింపిన కప్పులు నిలుపుతారు. దొర్వొద్ తెగవాళ్ళు వాటిని తల మీద, చేతుల మీద పెట్టుకుంటారు.

కప్పు జారితే చాలామంది చేతుల్ని తప్పుపడతారు. తప్పు తొడలో ఉంటుంది. తొడ నేలకు దాదాపు సమాంతరంగా ఉన్నంతసేపూ కప్పు కదలదు. కాళ్ళు అలసిపోగానే పిరుదులు తెలియకుండానే పైకి లేస్తాయి, తొడ ముందుకు వాలుతుంది, కప్పు మోకాలి వైపు జారిపోతుంది. కాబట్టి ముందు కప్పు లేకుండా, ఒక పాట పూర్తయ్యేదాకా ఆ భంగిమలో నిలబడడం సాధన చేయాలి.

రెండో తప్పు ఊపిరి బిగపట్టడం. అలా చేస్తే భుజం అదురు నడుములోకి దిగి, అక్కణ్ణుంచి మోకాళ్ళకు పాకుతుంది. కదలిక భుజం కీలులోనే పుట్టి అక్కడే ఆగాలి. మోచెయ్యి ముందు కదిలి భుజాన్ని లాగుతోందంటే ఇంకా పట్టు రాలేదన్నమాట.

ఖాళీ కప్పుతో మొదలుపెట్టకండి, తేలికగా ఉండి ఊరికే పడిపోతుంది. అడుగుభాగం వెడల్పుగా ఉన్న కప్పులో సగం దాకా నీళ్ళు పోయండి. తల మీద కప్పున్నప్పుడు చూపు కంటి ఎత్తులోనే ఉంచాలి. మెడ తిప్పకుండా మొండెం మొత్తం తిప్పాలి. కింద పాదాలు ఎలా ఉన్నాయో చూద్దామని తల వంచారో, అయిపోయింది!

ప్రశ్న: అన్ని తెగల నాట్యమూ ఒకటేనా?

జవాబు: కాదు. జఖ్‌చిన్ తెగవాళ్ళు గొంతుక్కూర్చుని ఒళ్ళు ముందుకు వంచి ఆడతారు. బుర్యాత్‌ల యోఖోర్ అసలు గెర్‌లో పట్టేదే కాదు. అది వలయ నృత్యం. సూర్యుడు తిరిగే దిక్కునే తిరుగుతారు, ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు పల్లవి అందుకుంటారు. ఇక్కడ నైపుణ్యం కన్నా గుంపు ఊపు ముఖ్యం. కొత్తవాళ్ళకు ఇదే సులువు. దుస్తుల రంగులు, కుట్టుపని, వెండి నగలు కూడా ఏ తెగవి ఆ తెగకే ప్రత్యేకం.

ప్రశ్న: యునెస్కో జాబితాలో ఉంది కదా, ఇక ఢోకా లేనట్టేనా?

జవాబు: 2009లో బియెల్గీని చేర్చింది తక్షణం కాపాడుకోవాల్సిన వాటి జాబితాలో. అంటే అది ప్రమాద హెచ్చరిక. ఈ విద్య ఇంట్లో, వంశంలో, ఇరుగుపొరుగులో పెద్దల్ని చూసి నేర్చుకునేది. నేర్పగలిగినవాళ్ళలో ఎక్కువమంది వయసు మళ్ళినవాళ్ళే, ఏటేటా తగ్గిపోతున్నారు.

ప్రశ్న: నాదమ్ పండుగలో మల్లయోధులు చేతులు చాచి తిరుగుతారు. అదీ నాట్యమేనా?

జవాబు: అవును, గద్ద రెక్కల్ని అనుకరించే చిన్న నాట్యం. కుస్తీకి ముందూ, గెలిచాకా చేస్తారు. చేతులు టపటపా కొట్టకూడదు, గాలిలో తేలుతున్నట్టు నిదానంగా ఆడించాలి.

ప్రశ్న: భయంకరమైన ముసుగులతో ఆడే త్సామ్ జానపదమేనా?

జవాబు: కాదు, అది బౌద్ధ మఠాల్లో లామాలు చేసే క్రతువు. 1930లలో మఠాల మీద జరిగిన అణచివేతతో ఆగిపోయి, 1990 తర్వాత మళ్ళీ మొదలైంది. పాత ముసుగులు చూడాలంటే రాజధాని ఉలాన్‌బాతర్‌లోని చోయ్‌జిన్ లామా ఆలయ మ్యూజియానికి వెళ్ళాలి. పగడాలు పొదిగిన ఎర్రటి జమ్‌స్రన్ (బౌద్ధుల రక్షక దేవత) ముసుగు అక్కడే ఉంది.