ముందు పూర్ణం సంగతి చూడు

చి. శిరీషకు,
ఒంగోలు నుంచి పెదనాన్న ఆశీస్సులు.

పీహెచ్‌డీలో ఫుల్లరీన్ (బంతిలాంటి కార్బన్ అణువు) లాంటి అకర్బన గోళాల మీద పని చేయబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. సంతోషం. చేరేదాకా కావలిలోనే ఉంటావు కదా, పేపర్లు డౌన్‌లోడ్ చేసి గుట్ట పెట్టుకోవడం తర్వాత. ముందు కాగితం, కత్తెర పట్టుకో.

ఐదు మూలల వలయాలు 12 తీసుకో. మూలకో భాస్వరం పరమాణువు. ఒక్కో భాస్వరం ఒక రాగిని పట్టుకుంటుంది, ఒక్కో రాగికి మూడు వేర్వేరు వలయాల నుంచి మూడు భాస్వరాలు. అంటే 60 భాస్వరాలు, 20 రాగి పరమాణువులు, మొత్తం 80 మూలలు. నడుమ ఆరు మూలల వలయాలు 30 వాటంతటవే పడతాయి. 60 కార్బన్ల ఫుల్లరీన్ సి60లోనూ ఐదు మూలలవి సరిగ్గా 12 ఉంటాయి. కానీ ఇక్కడ చట్రంలో కార్బన్ ఒక్కటీ లేదు. బొమ్మ చూస్తే అర్థమైనట్టే ఉంటుంది గానీ, అతికించి చూడు, గోళం మూసుకోకపోతే ఎక్కడ తేడా వచ్చిందో వేళ్లకే తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. అందరూ గోళాన్ని చూసి మురిసిపోతారు. నువ్వు లోపల ఏముందో చూడు. మీ పెద్దమ్మ బూరెలు చేసేటప్పుడు పూర్ణం ఉండలు సిద్ధమయ్యాకే తోపు పిండి జోలికి వెళ్తుంది. ఇక్కడా అంతే. 2003లో జర్మనీకి చెందిన మాన్‌ఫ్రెడ్ షేర్ బృందం చేసిన మొదటి గోళంలో చట్రానికి 90 పరమాణువులు. తర్వాత కార్బొరేన్ అనే బోరాన్, కార్బన్ అణువును అతిథిగా, అంటే పూర్ణంగా పెడితే దాని చుట్టూ 80 మూలల గోళం కట్టుకుంది. సి60నే లోపల కూర్చోబెట్టారు. వెలుతురు తగిలితే పాడయ్యే పసుపు ఆర్సెనిక్ అణువుకూ ఇలాంటి గోళంలో చోటు దొరికింది. కాబట్టి గైడ్‌ను మొదట అడగాల్సింది అతిథి గురించే.

ఈ గోళాలు చాలావరకు ఓ పట్టాన కరగవు. అందుకే స్ఫటికమే నీ సాక్ష్యం. దాన్ని పెంచడానికి సన్నటి ట్యూబులో రెండు పొరలు వెయ్యాలి. అడుగున డైక్లోరోమీథేన్ అనే ద్రావణిలో ఆ ఐదు మూలల వలయాలిచ్చే ఆకుపచ్చటి ఇనుము, భాస్వరం సమ్మేళనం, పైన అసిటోనైట్రైల్ అనే ద్రావణిలో రాగినిచ్చే క్యూప్రస్ క్లోరైడ్. పిపెట్ కొనను ట్యూబు గోడకు ఆనించి చుక్కచుక్కగా వదులు. రెండూ కలిసిపోతే దక్కేది పొడే. వేశాక రోజూ ఎత్తి చూసే ఆత్రం వద్దు. డైక్లోరోమీథేన్ 40 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మన రోహిణీ కార్తె ఎండల్లో ఏసీ లేని గదిలో ట్యూబు పెడితే గోవిందా! క్యూప్రస్ క్లోరైడ్ తెల్లగా ఉండాలి, ఆకుపచ్చగా మారితే గాలీ తేమా తగిలినట్టే. దాన్ని వాడకు. స్ఫటికం ద్రవం నుంచి బయటికొస్తే లోపలి ద్రావణి ఆరిపోయి బీటలు వారుతుంది. నూనె చుక్కలో పెట్టే చూడు.

మూల సరుకైన ఆ ఆకుపచ్చ సమ్మేళనం తయారీకి తెల్ల భాస్వరం కావాలి. అది గాలి తగిలితే అంటుకుంటుంది. సీనియర్ పక్కన లేకుండా ఆ సీసా మూత తియ్యొద్దు. ఈ పేరా మాత్రం మీ నాన్నకు చదివి వినిపించకు, ఊరికే టెన్షన్ పడతాడు.

మీ పెదనాన్న