చీమకు భయం, చార్టుకు ఫస్ట్ ప్రైజ్

ప్రశ్న: మాది కావలి. పాపకు అయిదేళ్లు, యూకేజీ. స్కూల్లో ఈవీఎస్ (పర్యావరణం పాఠం) అంటూ 'సేవ్ వాటర్', 'సేవ్ ఎర్త్' చార్టులు తెమ్మంటారు, అన్నీ నేనే వేసి పంపుతున్నా. ఈ మధ్య రాత్రిళ్లు 'అమ్మా, భూమి వేడెక్కితే మనం చచ్చిపోతామా' అని అడుగుతోంది. గడప దగ్గర చీమ కనబడితే మాత్రం కేక పెట్టి నా చంకెక్కుతుంది. సెలవుల్లో నేచర్ క్యాంప్‌కి పంపమంటారా? ఫీజు ఎక్కువే. మట్టిలో ఆడితే జబ్బులొస్తాయని మా అత్తగారి టెన్షన్.

జవాబు: క్యాంప్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ చార్టులు వేసిపెట్టడం మానేయండి. బడుల్లో పర్యావరణం తప్పనిసరిగా చెప్పాలని 1991లో సుప్రీంకోర్టు అంటే, మనవాళ్లు దాన్నీ మార్కుల్లోకి దించేశారు. భూమి వేడెక్కడం అబద్ధం కాదు గానీ, అయిదేళ్ల పిల్ల దానికి చేయగలిగిందేముంది, భయపడటం తప్ప? పెద్ద క్లాసుకొచ్చాక చెప్పొచ్చు. ఇప్పుడడిగితే 'మనం బాగానే ఉంటాం, పెద్దవాళ్లం చూసుకుంటాం' అనండి, చాలు.

చీమతోనే మొదలుపెట్టండి. గడప ముందు బియ్యప్పిండితో ముగ్గేసి (ముగ్గురాయి పిండికి రావు) పక్కన కూర్చోండి. కాసేపటికి ఒక చీమ వస్తుంది, తర్వాత బారు కడతాయి. ముందు వెళ్లిన చీమ వదిలిన వాసన పట్టుకునే మిగతావి నడుస్తాయి కాబట్టి, బారు మధ్యలో నేలను తడిగుడ్డతో తుడిస్తే అక్కడికొచ్చి ఆగి, మీసాలు ఆడిస్తూ అటూ ఇటూ తిరుగుతాయి. ఎందుకలా అని పాపే అడుగుతుంది. వెంటనే చెప్పేయకండి, 'నువ్వేమనుకుంటున్నావ్' అనండి. ఎర్రచీమ కుడుతుందన్న మాట దాచొద్దు, పట్టుకోమని బలవంతం పెట్టొద్దు. ఇంతకీ బల్లిని చూసి మీరు అరవరు కదా?

అత్తగారి భయంలో నిజం లేకపోలేదు. చెప్పులు వేయండి, గోళ్లు కత్తిరించండి, ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి. రాళ్ల కింద, పొదల్లో చెయ్యి పెట్టనివ్వకండి, తేళ్లూ పాములూ ఉంటాయి. అసలు ఆవిడనే టీచర్‌ని చేసేయండి. వినాయక చవితికి పత్రి కట్ట కొనేసే బదులు ముందురోజు నానమ్మా మనవరాలూ కలిసి గరిక, ఉత్తరేణి, రేగు వెతికి కోసుకురానివ్వండి. ఉత్తరేణి గింజలు గౌనుకి అంటుకుని ఇంటిదాకా వస్తాయి, ఆ మొక్క ఊరంతా ఎలా పాకుతుందో పాపకి వేరే చెప్పక్కర్లేదు. ఉమ్మెత్త, జిల్లేడు మాత్రం పెద్దవాళ్లే కొయ్యాలి, రెండూ విషమే.

చలికాలంలో ఒకరోజు నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లండి. జిల్లాలు విడగొట్టాక తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మనకేం దూరం, నాయుడుపేట దాటితే వచ్చేస్తుంది. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి, పిల్ల తల్లి నోటి సంచిలోకి తల దూర్చి చేప తింటుంది. పాప ఒక్క గూడునే అరగంట చూస్తానంటే చూడనివ్వండి, 'పద పద, ఇంకా చూడాల్సినవి ఉన్నాయి' అని లాక్కెళ్లకండి. అక్కడ పక్షుల పండగ, ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగే రోజుల్లో వద్దు, పక్షుల కన్నా జనమే ఎక్కువ కనబడతారు.

ఇక క్యాంప్. ఎంతమంది పిల్లలకి ఒక పెద్దమనిషి ఉంటారు, రోజులో ఎంతసేపు బయట తిప్పుతారు అని అడగండి. గదిలో కూర్చోబెట్టి పులి బొమ్మకు రంగులేయించేదైతే ఆ ఫీజు నేలపట్టు కారు బాడుగకి దాచుకోండి.