ఎన్నికల ప్రచారంలో ఏఐ వీడియోలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అభ్యర్థి తెలుగు ప్రసంగాన్ని ఏఐతో ఉర్దూ, హిందీల్లోకి మార్చి రీల్స్ పెడదామనుకుంటున్నాం. ఆయన ఒప్పుకున్నారు. అయినా ఇది ఏఐతో చేసిందని లేబుల్ వేయాలా? (ప్రచార కార్యకర్త, నిజామాబాద్)

జవాబు: వేయాల్సిందే. ఆయన ఒప్పుకోవడం వేరు, ఓటరుకు చెప్పడం వేరు. 2025 అక్టోబర్ 24న ఎన్నికల సంఘం ఇచ్చిన ఆదేశం ప్రకారం వీడియోలో లేబుల్ తెర పైభాగాన ఉండాలి, కనిపించే విస్తీర్ణంలో కనీసం 10 శాతం ఆక్రమించాలి. 1080×1920 నిలువు వీడియోలో ఈ చివర నుంచి ఆ చివరికి పట్టీ వేస్తే దాని ఎత్తు 192 పిక్సెళ్లు. ఆడియోలో మొదటి 10 శాతం, అంటే 40 సెకన్ల క్లిప్‌లో 4 సెకన్లు.

తయారుచేసినవారి పేరు మెటాడేటాలో (ఫైలు లోపల దాగి ఉండే వివరాల్లో) గానీ క్యాప్షన్‌లో గానీ ఉంటే చాలని ఆ ఆదేశం చెబుతోంది. మా మాట వింటే అంతటితో ఆగకండి. వాట్సాప్‌లో వీడియోగా పంపగానే ఫైలు కుదించుకుపోయి మెటాడేటా పోతుంది, డౌన్‌లోడ్ చేసి మళ్లీ పంపేవాళ్లు క్యాప్షన్ వదిలేస్తారు. పేరును కూడా ఆ పట్టీలోనే వేయండి. ఏ ఫైలు ఎవరు, ఎప్పుడు తయారుచేశారో రికార్డు ఉంచడం తప్పనిసరి. దాంతోపాటే అసలు ప్రసంగం, అభ్యర్థి సంతకంతో అనుమతి పత్రం దాచుకోండి. డబ్బిచ్చి ప్రకటనగా నడిపితే మీడియా సర్టిఫికేషన్ కమిటీ ముందస్తు అనుమతి కూడా కావాలి.

ప్రశ్న: పోలింగ్‌కు రెండు రోజుల ముందు మా నాయకుడి గొంతుతో నకిలీ ఆడియో వస్తే? మూడు గంటల్లో తీసేయిస్తారట కదా? (పోలింగ్ ఏజెంటు, తెనాలి)

జవాబు: ఎన్నికల సంఘం ఆదేశంలోని ఆ మూడు గంటల గడువు పార్టీల అధికారిక ఖాతాలకు పెట్టింది. ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరో వదిలిన ఆడియోకి అది పట్టదు. అసలు కష్టమంతా ఇక్కడే. 2023 సెప్టెంబర్‌లో స్లొవాకియాలో ప్రోగ్రెసివ్ స్లొవాకియా పార్టీ నాయకుడు మిహాల్ షిమెచ్కా గొంతుతో, ఓట్లు కొనే సంగతి మాట్లాడుతున్నట్టు నకిలీ ఆడియో పోలింగ్‌కు రెండు రోజుల ముందు బయటికొచ్చింది. అది అక్కడ ప్రచారం ఆపాల్సిన సమయం, ఖండన జనానికి చేరడమే కష్టమైంది. మన దగ్గరా చివరి 48 గంటలు ప్రచారం బంద్.

కాబట్టి ఆధారం ముందు పట్టుకోండి. అందిన ఆడియోను చెరపొద్దు, ఇంకొకరికి పంపొద్దు. గ్రూపు పేరు, పంపినవారి నంబరు, వచ్చిన సమయం, ‘ఫార్వర్డెడ్’ గుర్తు కనబడేలా మొదలుపెట్టి ఆడియో పూర్తయ్యేదాకా స్క్రీన్ రికార్డు చేయండి. ఇది నా గొంతు కాదని నాయకుడి సంతకంతో ఖండన జతచేసి రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో విడిగా ఫిర్యాదు చేయండి. పరువు తీయడానికి ఎలక్ట్రానిక్ రికార్డును ఫోర్జరీ చేస్తే భారతీయ న్యాయ సంహిత 336(4) కింద మూడేళ్ల దాకా జైలు.

ఆడియో అందిన ఫోన్‌ను మార్చకండి, రీసెట్ చేయకండి. అభ్యర్థి వ్యక్తిగత శీలంపై అబద్ధమని ప్రజాప్రాతినిధ్య చట్టం 123(4) కింద హైకోర్టుకు వెళ్లాలంటే ఫలితం వచ్చాక 45 రోజులే గడువు. అక్కడ ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ అడుగుతారు, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి. ఫైలు ఏ కొంచెం మారినా ఆ విలువ మారిపోతుంది. ఆ అబద్ధం ప్రత్యర్థి గానీ ఆయన ఏజెంటు గానీ, లేదా వాళ్ల సమ్మతితో ఇంకెవరైనా గానీ ప్రచారంలో పెట్టినట్టు రుజువు కావాలి. చాలా పిటిషన్లకు గండం అక్కడే.

ప్రశ్న: ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సి-విజిల్‌లో పెడితే సరిపోదా? (గృహిణి, ఖమ్మం)

జవాబు: సరిపోదు. ఆ యాప్ అప్పటికప్పుడు తీసిన ఫొటో, వీడియో, ఆడియోలనే తీసుకుంటుంది, గ్యాలరీలోంచి ఎక్కించనివ్వదు. డబ్బు, మద్యం పంపిణీ పట్టడానికి భేషైనది. నకిలీ వీడియోకి 1950 హెల్ప్‌లైన్, జిల్లా ఎన్నికల అధికారి దారి. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలైతే రాష్ట్ర ఎన్నికల సంఘానికి రాయాలి.

ప్రశ్న: ఏఐ వాడకుండా కత్తిరించి అతికించిన వీడియో అయితే? (విద్యార్థి, కడప)

జవాబు: దానికీ కేసులు పడతాయి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో రిజర్వేషన్లపై అమిత్ షా మాటలను ఎడిట్ చేసిన వీడియో మీద ఢిల్లీ పోలీసులు కేసు పెట్టారు. ఇలాంటివి పట్టుకోవడానికి ఏఐ డిటెక్టర్లు పనికిరావు, ఎందుకంటే గొంతు, ముఖం నిజమైనవే. వీడియోలోంచి ఒక ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. వెనక ఉన్న బ్యానర్, వేసుకున్న కండువాను బట్టి ఆ సభ ఏదో తెలుస్తుంది. దాని పూర్తి రికార్డింగ్ పట్టుకుని, అనుమానం ఉన్న మాటకు ముందు ఒక నిమిషం, తర్వాత ఒక నిమిషం వినండి. ఫిర్యాదులో రెండు వీడియోల్లోనూ ఆ మాట ఎన్నో నిమిషం, ఎన్నో సెకను దగ్గర ఉందో రాస్తే అధికారి వెంటనే పోల్చుకోగలుగుతారు.